ఉధ్నా ప్లాట్‌ఫారం మీద టిక్లీ

మార్చి రెండో వారంలో, పొద్దున ఐదూ ఇరవైకి, సూరత్ పక్కనున్న ఉధ్నా స్టేషన్‌లో దిగాం. ఇరవై ఆరుగురు మనుషులం, రెండు కుక్కలు. ఆరు నెలల భద్రతా డ్యూటీ. రెండు రైల్వే స్టేషన్లు, ఒక గూడ్స్ యార్డు, బట్టల మార్కెట్లు, పిలుపు వస్తే పొరుగునున్న సచిన్‌లోని కెమికల్ ఫ్యాక్టరీలు. ఆర్డరు కాగితంలో ఇంతే ఉంది.

ఇంకా ఎండ రాలేదు. అయినా గాలి తడిబట్ట ముఖాన కప్పినట్టుంది. స్టేషన్ గోడ అవతల మరమగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మాది కోరుట్ల దగ్గర పల్లె. మా మేనమామలు సిరిసిల్లలో మగ్గాల మీదే బతికారు. కానీ ఇక్కడ ఒక వీధి కాదు, పేటకు పేటే అదే చప్పుడు. నా కుక్క టిక్లీ రైలు పెట్టెలోంచి దిగింది. ఒళ్లు విదిలించుకుంది. ముక్కు నేలకు ఆనించింది. వెంటనే నా చేతిలో తాడు బిగిసింది. ఊరిని అది అప్పుడే చదవడం మొదలుపెట్టింది.

మా ఊళ్లో నన్ను మిలట్రీ ఆయన అంటారు. నేను పనిచేసింది కేంద్ర బలగంలో, డాగ్ స్క్వాడ్‌లో. అక్కడ ఏం చేసేవాడివని అడుగుతారు. కుక్కతో తిరిగేవాణ్ణంటే నవ్వుతారు. ఇరవై ఏళ్ల సర్వీసులో పన్నెండేళ్లు కుక్క తాడు పట్టుకునే నడిచాను. మొదట ఒక లాబ్రడార్, కొండల్లో. తర్వాత టిక్లీ. దాని నుదుటి మీద బొట్టుబిళ్లంత మచ్చ ఉండేది. ట్రైనింగ్ సెంటర్‌లో హిందీవాళ్లు ఆ పేరు పెట్టారు.

అది బీగిల్ జాతి. మోకాలి ఎత్తు కూడా ఉండదు. బరువు పదకొండు కిలోలు. తెలుపు, నలుపు, గోధుమ కలిసిన ఒళ్లు. చెవులు ముందుకు లాగితే ముక్కు చివరిదాకా వస్తాయి. పెద్ద కుక్కను చూస్తే ప్లాట్‌ఫారం మీద జనం చెదిరిపోతారు. దీన్ని చూస్తే పిల్లల్ని చంకనెత్తుకుని దగ్గరికి వస్తారు. అందుకే స్టేషన్లకు ఈ జాతిని పంపుతారు.

వేటకుక్కల్లో కళ్లతో వేటాడేవి వేరు, ముక్కుతో వేటాడేవి వేరు. మొదటివి దూరాన ఏదైనా కదిలితే పరుగెడతాయి. ఇవి తల దించుకుని, ఎప్పుడో నడిచి వెళ్లిపోయినదాని జాడ పట్టుకుంటాయి. వాసన దొరికిందంటే ఇక మన పిలుపు వినవు. చాలామంది దాన్ని మొండితనం అంటారు. కాదు. ఆ సమయంలో వాటికి ముక్కు తప్ప ఇంకేమీ ఉండదు. నాలుగేళ్లలో పని మీద ఉండగా టిక్లీ తలెత్తి నా ముఖం చూసింది లేదు. నేను దానికి తాడుకు రెండో కొస మాత్రమే.

మా క్యాంపు ఆల్థాన్ వైపు ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ క్వార్టర్లలో. కింది వరసలో రెండు గదులు కుక్కలకు. నేల మీద గోనెసంచులు, కిటికీకి వట్టివేళ్ల తడిక. నాలుగున్నరకు లేచేవాణ్ణి. నాలుగూ యాభైకి టిక్లీని బయటికి తీసుకెళ్లాలి. ఐదుంబావుకు రబ్బరు బ్రష్షుతో ఒళ్లంతా దువ్వాలి. పొట్టి వెంట్రుకలే గాని రోజూ రాలుతూనే ఉంటాయి. వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. ఇక చెవులు. వేలాడే చెవి కింద గాలి ఆడదు. సూరత్ ఉక్కలో రెండు రోజులు వదిలేస్తే లోపల చెమ్మ చేరి కుళ్లు వాసన వస్తుంది. రోజూ ఎత్తి చూడాలి. మూడు రోజులకొకసారి మందు వేసి దూదితో తుడవాలి. దూది వెలిచెవి దాటకూడదు.

ఐదూ నలభైకి బండి ఎక్కేవాళ్లం. ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు ఒక విడత, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు ఇంకో విడత. ఇరవై నిమిషాలు పని, పదిహేను నిమిషాలు నీడలో విశ్రాంతి. ముక్కు కూడా కండరం లాంటిదే, అలసిపోతుంది. నా నడుముకు తిత్తిలో ఉడకబెట్టిన కాలేజం ముక్కలు ఉండేవి. పేలుడు పదార్థం వాసన తగిలితే టిక్లీ మొరగదు, గీకదు. ఊరికే కూర్చుంటుంది. అప్పుడు ఒక ముక్క ఇవ్వాలి.

తిండి యావ ఈ జాతి బలం, ఈ జాతి జబ్బు కూడా. ఎంత పెట్టినా చాలదు. పని ముగిసిన గంటకు అన్నం, మాంసం, ఉడికిన కూరగాయలు కొలిచి పెట్టేవాణ్ణి. ఉధ్నా ప్లాట్‌ఫారం మీద ఖమణ్, లోచో లాంటి శనగపిండి తినుబండారాలు అమ్మేవాళ్లు ప్రేమకొద్దీ దాని ముందు తుంపి వేసేవాళ్లు. వాళ్లతో రోజూ పోట్లాట. ప్రతి ఆదివారం యార్డులో పార్సిల్ కాటా మీద నిలబెట్టి తూచేవాణ్ణి. పావు కిలో పెరిగితే ఆ వారం నడక పెంచాలి. లావెక్కిన బీగిల్‌కు నడుము ముందు పోతుంది.

ఇంకొకటి, ఒంటరిగా ఉండలేవు. మందలో వేటాడిన జాతి. గదిలో వదిలి వెళితే గొంతెత్తి కూత పెట్టేది. అరుపు కాదది. ఏడుపూ కాదు. సన్నాయిలో ఒకే స్వరం పట్టి ఊదినట్టుండేది. ఆల్థాన్‌లో పక్క అపార్ట్‌మెంటువాళ్లు మూడుసార్లు ఫిర్యాదు చేశారు. దాంతో నా మంచం దాని గదిలోనే వేసుకున్నాను.

మా డిటాచ్‌మెంట్‌లో తెలుగు మాట్లాడేవాడు ఇంకొక్కడే ఉండేవాడు, రేడియో ఆపరేటర్. నిర్మల్ కుర్రాడు, నాకంటే పదేళ్లు చిన్న. కమాండర్ సాబ్ హర్యానా మనిషి. తక్కువ మాట్లాడేవాడు. మాతో వచ్చిన రెండో కుక్క లాబ్రడార్, దాని హ్యాండ్లర్ రాజస్థాన్ వాడు. మా ఇద్దరికీ మంచి స్నేహం. అప్పటికి.

ఏప్రిల్ ఆఖరున ఒకరోజు పదిన్నర వేళ రేడియో ఆపరేటర్ నా గది గడప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. టిక్లీ తింటోంది. అతనే ముందు చూశాడు.

“అన్నా, ఇది ఒక్క దిక్కే నములుతున్నది. సూశినవా?”

చూశాను. కుడివైపు పడిన మాంసం ముక్క నోట్లోంచి జారిపోతోంది. మళ్లీ ఎడమవైపుకు తీసుకుంటోంది. ఎముక గుచ్చుకుని ఉంటుందన్నాను. నోరు తెరిచి చూశాను. ఏమీ కనిపించలేదు. రెండు రోజుల తర్వాత కుడి ముక్కురంధ్రం నుంచి నీరు కారింది. సచిన్‌లో రంగుల ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చాం కదా, ఆ ఘాటు అనుకున్నాను. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నా కళ్లే మండాయి. దాని ముక్కు మండదా?

నాకు ఇలాంటి సమాధానాలు తేలిగ్గా దొరికేవి.

మే నెల మొదలయింది. రోజూ పనికి ముందు సాధన ఉంటుంది. వరసగా ఎనిమిది డబ్బాలు పెట్టాలి. ఒకదాంట్లో నమూనా పేలుడు మందు, గుడ్డలో చుట్టి చిటికెడు. టిక్లీ వాటి పక్కనుంచి నడుస్తూ సరైన డబ్బా దగ్గర కూర్చోవాలి. నాలుగేళ్లలో వందలసార్లు కూర్చుంది. ఆ రోజు ఎనిమిదీ దాటి వెళ్లిపోయింది. వెనక్కి తిప్పాను. మళ్లీ దాటింది. మూడోసారి నమూనా ఉన్న డబ్బా దగ్గర నా అడుగు నెమ్మదించింది. నాకు తెలియకుండానే. టిక్లీ కూర్చుంది. కాలేజం ముక్క ఇచ్చాను.

లాగ్ బుక్‌లో ‘తృప్తికరం’ అని రాశాను.

ఎందుకు రాశానో ఇప్పుడు చెప్పాలి. కుక్క పనిచేయడం లేదని రాస్తే అధికారుల బోర్డు పరీక్షకు కూర్చుంటుంది. బోర్డు పనికిరాదంటే దాన్ని తీసేస్తారు. ఎవరికి ఇస్తారో, ఎక్కడ ఉంచుతారో మన చేతిలో ఉండదు. నాకు రిటైర్‌మెంట్ ఇంకా ఏడాది ఉంది. కుక్క లేని హ్యాండ్లర్‌ను గేటు డ్యూటీలో వేస్తారు. రెండు కుక్కల్లో ఒకటి ఆగితే మొత్తం భారం లాబ్రడార్ మీద పడుతుంది, ఆ ఎండల్లో. ఈ కారణాలన్నీ నిజమే. కానీ అసలుది వేరు. టిక్లీ తప్పుతుందన్న మాట నా నోటితో చెప్పలేకపోయాను. రేపటికి సర్దుకుంటుందనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను.

అలా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను ఒకచోట నిలబడలేదు. టీ గ్లాసు సగం తాగి వదిలేసేవాణ్ణి. బూటు లేసులు రెండుసార్లు విప్పి కట్టుకునేవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద టిక్లీ ఒక బ్యాగు వాసన చూసి ముందుకు కదలగానే, నేను తలతిప్పి ఆ బ్యాగును మళ్లీ చూసేవాణ్ణి. కళ్లతో ఏం తెలుస్తుంది? గోనె మూటలు, తోపుడు బళ్లు, చీరల పార్సిళ్లు, బండి ఎక్కే కూలీల అట్టపెట్టెలు. అన్నిటినీ దాటించాను. జనం మమ్మల్ని చూసి నిశ్చింతగా కూర్చునేవాళ్లు. ఒక ముసలావిడ రోజూ టిక్లీకి దండం పెట్టేది. నేను చూపు తిప్పుకునేవాణ్ణి.

ఏడో రోజు పొద్దున రేడియో ఆపరేటర్ మళ్లీ అడిగాడు. ఈసారి మెల్లగా.

“అన్నా, జర డాక్టర్‌కు సూపియ్యరాదె. దాని కన్ను కింద వాపు లెక్క కొడ్తున్నది.”

“దోమ కుట్టుంటది తమ్మీ,” అన్నాను.

అతను నాకంటే జూనియర్. నా ముఖం చూసి లేచిపోయాడు.

పదో రోజు, మే రెండో వారంలో. మధ్యాహ్నం మూడూ నలభై. మాకు విశ్రాంతి వేళ. లాబ్రడార్ సచిన్‌లో ఒక పిలుపు మీద ఉంది. రేడియోలో కంట్రోల్ పిలిచింది. ఉధ్నా స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం చివర స్తంభం దగ్గర ఎవరూ లేని బ్యాగు. అరగంటగా పడి ఉందట. పైనుంచి తట్టి చూసిన పోర్టర్ లోపల గట్టి పాత్ర ఉందన్నాడు. నేను, టిక్లీ బండి ఎక్కాం. పన్నెండు నిమిషాల్లో చేరాం.

అప్పటికే పోలీసులు జనాన్ని తాడు అవతలికి తోసేశారు. పెళ్లిళ్ల కాలం. మగ్గాలవాళ్లు ఊళ్లకు వెళ్లే రోజులు. తెలంగాణ వైపు వెళ్లే బండి ఇంకో గంటలో ఉంది. వెయ్యిమంది పైగా ఉంటారు, మూటలతో, చంటిపిల్లలతో, ఎండలో. ప్లాట్‌ఫారం ఖాళీ. నేను అరచెయ్యి వెనకవైపు నేలకు ఆనించి చూశాను. కప్పు కింద ఫర్వాలేదు, కప్పు దాటితే కాలుతోంది. టిక్లీ పంజాలు తడిపి, నీడ వెంట నడిపించాను.

నల్లటి బ్యాగు. జిప్పు దగ్గర ఎర్ర దారంతో కుట్టు. ముప్పై అడుగుల దూరంలో పొడుగు తాడు వదులు చేసి, వెతకమని ఆజ్ఞ ఇచ్చాను. టిక్లీ ముక్కు దించుకుని వెళ్లింది. స్తంభం చుట్టూ తిరిగింది. బ్యాగు అంచు వెంట ఒకసారి, జిప్పు మీద ఒకసారి. ఆగింది. మళ్లీ చుట్టింది. దాని పక్కటెముకలు వేగంగా కదులుతున్నాయి. గాలి లోపలికి లాగుతోంది గాని అందులో దానికేమీ దొరకడం లేదు.

అప్పుడు తలెత్తి నా ముఖం చూసింది.

కూర్చోనా, వద్దా అని అడిగింది. ఆ తొమ్మిది రోజుల్లో డబ్బాల దగ్గర నేను నేర్పింది అదే. వాసన తెలియకపోతే నా అడుగు చూడమని, నా కళ్లు చూడమని. కుడి కన్ను కింద వాపు ఆ వెలుతురులో స్పష్టంగా కనిపించింది. తాడు అవతల వెయ్యిమంది దాన్నే చూస్తున్నారు. నేను ఒక్క అడుగు ముందుకేస్తే కూర్చునేది. తాడు లాగితే వచ్చేసేది. రెంటిలో ఏది చేసినా అది నా మాటే గాని దాని మాట కాదు.

రేడియో నొక్కాను.

“కంట్రోల్, డాగ్ టూ. ఈ కుక్క తీర్పు లెక్కలోకి తీసుకోవద్దు. దీనికి వాసన తెలియడం లేదు.”

అటువైపు కాసేపు గరగర శబ్దం. తర్వాత మా రేడియో ఆపరేటర్ గొంతు. నిబంధన ప్రకారం హిందీలోనే అడిగాడు. “డాగ్ టూ, మళ్లీ చెప్పండి.”

మళ్లీ చెప్పాను. “ఈ రోజు నుంచి కాదు. తొమ్మిది రోజుల నుంచి.”

ఈసారి కమాండర్ సాబ్ గొంతు. “వెనక్కి రా.” అంతే.

బాంబు నిర్వీర్యం చేసే దళం నగరం అవతలి నుంచి రావాలి. గంటా పది నిమిషాలు పట్టింది. రైలును స్టేషన్ బయటే, అవుటర్ సిగ్నల్ దగ్గర ఆపేశారు. జనాన్ని ఇంకా వెనక్కి, రోడ్డు మీదికి తోశారు. అక్కడ నీడ లేదు. ఒక గర్భిణి పడిపోయింది. ఆటోలో తీసుకెళ్లారు. తర్వాత కనుక్కుంటే బాగానే ఉందన్నారు. కానీ ఆ గంటా పది నిమిషాలు నాకు తెలియదు కదా. నేను గోడ వారన టిక్లీ చెవులకు తడిగుడ్డ పట్టి నిలబడ్డాను. నిలబడ్డానంటే నిలబడలేదు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. ముక్కు బాగున్న కుక్కయితే రెండు నిమిషాల పని ఇది.

ఐదూ ఐదుకు దళంవాళ్లు నీటిని గుండులా పేల్చే తుపాకీతో బ్యాగును కొట్టారు. పెద్ద చప్పుడు. పావురాలు లేచాయి. బ్యాగు చీలి, రంగురంగుల గుడ్డముక్కలు ప్లాట్‌ఫారం మీద పరచుకున్నాయి. మధ్యలో సొట్టపడిన ప్రెషర్ కుక్కర్.

జనానికి అడ్డం కట్టిన తాడు తీయగానే ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. మగ్గం పనివాడని చొక్కా మీది నూలు చెబుతూనే ఉంది. పోలీసులు పట్టుకున్నారు. అతనికి వచ్చిన హిందీ అప్పుడు రావడం లేదు. తెలుగులో మాట్లాడుతున్నాడు. నన్ను పిలిచారు.

పేరు నర్సయ్య. మెట్‌పల్లి దగ్గర ఊరు. ఉధ్నాలో ఇరవై రెండేళ్లుగా మగ్గం నడుపుతున్నాడు. చెల్లెలి బిడ్డ పెళ్లికి పోతున్నాడు. భార్య నీళ్ల సీసా పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్లి ఎంతకీ రాలేదు. వెతకడానికి వెళ్లాడు. ఆమె మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూర్చుని ఉంది. ఆమెను లేపి తీసుకొచ్చేసరికి పోలీసులు ఇద్దరినీ జనంతో పాటు బయటికి నెట్టేశారు. బ్యాగు నాదే అని అరుస్తూనే ఉన్నాడట. ఆ గోలలో ఎవరూ వినలేదు.

నేను అదంతా హిందీలో పోలీసులకు చెప్పాను. రాసుకున్నారు. వదిలేశారు. అతను వంగి తడిసిన గుడ్డలు ఏరుకుంటున్నాడు. నేనూ వంగాను. తప్పు నాదని అతనికి చెప్పాను. కుక్కకు ముక్కు పనిచేయడం లేదని తెలిసి కూడా దాచానని, లేకపోతే ఇంత జరిగేది కాదని. ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరో ఒకరికి తెలుగులో చెప్పాలనిపించింది.

నర్సయ్య కుక్కర్ మూత చేతిలో తిప్పి చూశాడు.

“గిన్నెదేముంది సారూ. గంత మందిల ఎవ్వలకేం కాలె, గదే సాలు.” తర్వాత టిక్లీ వైపు చూశాడు. “గా మూగ పానానికి మస్తు నొస్తున్నట్టుంది. ముందుగాల దాన్ని దవాఖానకు తోల్కపోరాదుండ్రి.”

బండి ఆరూ పదికి వచ్చింది. వాళ్లిద్దరినీ పెట్టె వరకు దింపాను. నర్సయ్య భార్య నా చేతిలోంచి గుడ్డల మూట లాక్కుని ఎక్కింది. అది న్యాయమే.

క్యాంపులో కమాండర్ సాబ్ నిలబెట్టే అడిగాడు. తొమ్మిది రోజుల్లో ఎన్నిచోట్లకు వెళ్లావు? లాగ్ బుక్ చూసి చెప్పాను. ఎన్ని బ్యాగులు? చెప్పలేకపోయాను. ఆయన గొంతు పెంచలేదు.

“వాటిలో ఒక్కదానిలో ఉండి ఉంటే?”

నేను లాగ్ బుక్ మూసి ఆయన బల్ల మీద పెట్టాను.

నేను వెళ్లిన చోటల్లా మళ్లీ వెతకమని ఆర్డరిచ్చాడు. యార్డు, మూడు గోదాములు, రెండు మార్కెట్లు. ఉన్నది ఒక్క లాబ్రడార్. రెండు రోజులు పట్టింది. రాజస్థాన్ మిత్రుడు తిరిగొచ్చినప్పుడు అతని కుక్క నాలుక పక్కకు వేలాడుతోంది. నాలుగు కాళ్లూ చాపి తడి నేల మీద పడుకుంది. ఏమీ దొరకలేదు. అతను నా వైపు చూడకుండా దాని పంజాలకు నూనె రాశాడు. ఆ డ్యూటీ ముగిసేదాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నీళ్ల బకెట్ అందించమన్నా పేరు పెట్టి పిలిచేవాడు కాదు.

బ్యాగు సంగతి జరిగిన మర్నాడు పొద్దునే టిక్లీని నగరంలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ డాక్టరమ్మను అందరూ డాక్టర్ బెన్, అంటే డాక్టరక్క, అంటారు. ఆమె టిక్లీ పెదవి ఎత్తి, ఒక పన్ను మీద చిన్న సుత్తితో తట్టింది. టిక్లీ ఒళ్లంతా వణికింది గాని అరవలేదు. కుడివైపు పై దవడలో పెద్ద పన్ను. సన్నగా చీలి ఉంది. వేరు కింద చీము పట్టి, ఎముక తొలిచి, ముక్కు లోపలికి దారి చేసుకుంది. అందుకే ఒకవైపు నములుడు, ఒకవైపు కారుడు, కంటి కింద వాపు. మూడూ ఒకటే జబ్బు. మూడూ నేను చూశాను.

మత్తిచ్చి పన్ను తీసింది. స్టీలు గిన్నెలో వేసి నా ముందు పెట్టింది. మూడు వేర్ల పన్ను. ఒక వేరు నల్లగా ఉంది.

జరిగిందంతా విని హిందీలో అడిగింది. “నొప్పి దాచుకోవడం వీటికి పుట్టుకతో వస్తుంది. నువ్వెందుకు దాచావు?”

నెలరోజులు పనిలేదు. మెత్తటి అన్నం, రోజుకు రెండుపూటలా మందు, ఉప్పునీళ్లతో నోరు కడగడం. గట్టి ఎముకలు, గట్టి బొమ్మలు బంద్. నేను చేశాను. నా మీద విచారణ కూడా నడుస్తోంది. కానీ టిక్లీని చూసుకోవడానికి వేరే మనిషి లేడు గనుక నన్నే ఉంచారు. రేడియో ఆపరేటర్ రోజూ వచ్చి కూర్చునేవాడు. ‘నేను సెప్పిన’ అని ఒక్కసారి కూడా అనలేదు. అన్నా బాగుండేది.

జూన్ మధ్యలో వాన మొదలైంది. ఆల్థాన్ రోడ్ల మీద నీళ్లు. ఉధ్నాలో మగ్గాల వీధులు మోకాలి లోతు. తడి పెరిగేకొద్దీ చెవుల పని రెట్టింపయింది. పొద్దున, సాయంత్రం తుడిచి, చెవులు వెనక్కి మడిచి గాలికి ఆరబెట్టేవాణ్ణి. జూన్ ఆఖరున ఒక ఉదయం, క్వార్టర్ల వెనక గడ్డిలో టిక్లీ ఉన్నట్టుండి ఆగింది. ముక్కు నేలకు దించింది. తాడు బిగిసింది. నన్ను లాక్కుంటూ గోడ దాకా పోయి, గోడ కింద ముంగిస బొక్క దగ్గర గొంతెత్తి కూత పెట్టింది. అపార్ట్‌మెంటువాళ్లు బాల్కనీల్లోకి వచ్చారు. నేను తడిగడ్డిలో అలాగే కూర్చుండిపోయాను. ఏడ్చానో, వానో నాకు గుర్తులేదు.

కానీ ముంగిస వాసన వేరు, పేలుడు మందు వాసన వేరు. అది బోర్డు తేల్చాలి. సూరత్‌లో మిగిలిన రోజులు టిక్లీని పనికి పంపలేదు. నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. సెప్టెంబర్‌లో ఆర్డరు వచ్చింది. తిరుగు ప్రయాణం ఉధ్నా నుంచే. సామాను ఎక్కిస్తుంటే ఖమణ్ అమ్మే ఆయన వచ్చి, కుక్క ఇన్నాళ్లూ ఏమైందని అడిగాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఒక ముక్క పెట్టనా అన్నాడు. ఆ రోజు పెట్టమన్నాను.

మా డాగ్ స్క్వాడ్ కేంద్రానికి చేరిన మూడో రోజు నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా రాత పడింది. కుక్కల పని నుంచి తీసేశారు. దాని మీద నేను అప్పీలు చేసుకోలేదు. టిక్లీని ఒక కొత్త హ్యాండ్లర్‌కు అప్పగించమన్నారు. ఒడిశా మనిషి, నెమ్మదైనవాడు. చెవుల మందు ఎలా వేయాలో చూపించాను. కుడివైపు నోట్లో వేలు పెడితే ఉలిక్కిపడుతుందని, పిడుగులకు భయపడదని, ఒంటరిగా పడుకోదని చెప్పాను. అతను అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

వారం తర్వాత బోర్డు పరీక్ష. నాకు లోపలికి ప్రవేశం లేదు. కంచె బయట నిలబడితే ఎవరూ వద్దనలేదు. మైదానంలో పన్నెండు డబ్బాలు. ముగ్గురు అధికారులు కుర్చీల్లో. కొత్త హ్యాండ్లర్‌కు కూడా నమూనా ఎక్కడుందో తెలియదు. పద్ధతి ప్రకారం అలాగే ఉండాలి.

టిక్లీ మొదటి డబ్బా దాటింది. రెండోది. ఐదోది. తొమ్మిదోదాని దగ్గర కూడా ఆగలేదు. నా వేళ్లు కంచె తీగలో బిగుసుకున్నాయి. పదోది కూడా దాటింది. అక్కడ గాలి మళ్లింది. టిక్లీ తాడును పక్కకు లాగి వెనక్కి తిరిగింది, తొమ్మిదో డబ్బా చుట్టూ ఒకసారి తిరిగింది.

మా ఊళ్లో పొద్దున పొలం గట్టు మీద నడుస్తుంటాను. ఎవరో మిలట్రీ విశేషాలు అడుగుతారు. కొండల గురించి, మంచు గురించి చెబుతాను. చెబుతూ ఉండగానే నాకు కనిపించేది మాత్రం అదే. మైదానంలో మట్టి, మట్టిలో రెండు పొడవాటి చెవుల కొసలు, నమూనా ఉన్న తొమ్మిదో డబ్బా ముందు కూర్చున్న చిన్న వీపు. ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుని ఉంది.